మరబొమ్మ పాఠము చెప్పగలదా?

హైస్కూలు ఉపాధ్యాయులలో చాలమందికి ఇట్టి విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు తటస్థపడియే యుండును. బడిగంట మ్రోగగానే అతడు రెండు చెవులను చేతులతో మూసికొనును. పేరు పెట్టి పిలిచినను తలయెత్తి చూడడు. రైళ్ళు వచ్చిపోవు వేళలను తడుముకొనకుండ ఒప్పజెప్పును. కాని పక్కవాడు పెన్సిలు అడిగినచో ఏమనవలెనో తోచక ఊరకుండును. టైంటేబులులో ఒక పీరియడు మారినచో ఆ పూటంతయు కలతపడుచుండును. మొండివాడని కొందరు, మందమతి యని కొందరు, ఇంట్లో పెంపకము సరిగా లేదని కొందరు అనుకొందురు. ఈ మూడును పొరపాటు కావచ్చును. ఆ పిల్లవానికి ఆటిజము ఉండవచ్చును.

ఇట్టి పిల్లలకు మరమనుషుల చేత, అనగా రోబోల చేత, పాఠములు చెప్పించుచున్నారని పత్రికలలో అప్పుడప్పుడు చదువుచుందుము. మనుషులతో మాటాడని పిల్లలు రోబోతో మాటాడినారనియు, ఉపాధ్యాయుడు సాధింపలేనిది యంత్రము సాధించినదనియు అందులో వ్రాయుదురు. బొమ్మలు కూడ అచ్చువేయుదురు. ఈ మాటలలో నిజమెంత? ప్రయోగములు చేసినవారు నిజముగా ఏమి చూచినారు? ఇందులో మన బడులకు పనికివచ్చునది ఏమున్నది? ఈ మూడు ప్రశ్నలను విచారించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఆటిజమనగా నేమి?

1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదకొండుగురు పిల్లలను పరీక్షించి, వారి ప్రవర్తనలో ఒక పోలిక ఉన్నదని ప్రకటించెను. ఆ స్థితికే ఆటిజమను పేరు స్థిరపడినది. ఇది అంటువ్యాధి కాదు. తల్లిదండ్రుల పెంపకము వలన వచ్చునది కాదు. పుట్టుకకు ముందునుండియే మెదడు ఎదిగెడి తీరులో కలుగు భేదమిది. వంశానుగతమైన కారణములకు ఇందులో పెద్ద పాలున్నదని కవలపిల్లలపై జరిగిన పరిశీలనలు తెలుపుచున్నవి.

ఆటిజము గలవారందరు ఒక్క తీరుగా నుండరు. కొందరికి మాటలే రావు. కొందరు పెద్ద చదువులు చదివి ఉద్యోగములు చేయుదురు. అయినను సామాన్యముగా రెండు లక్షణములు కానవచ్చును. మొదటిది, ఎదుటివారి చూపును, కంఠస్వరమును, ముఖకవళికలను అందరివలె గ్రహింపకుండుట, అందరివలె తిరిగి చూపకుండుట. రెండవది, ఒకే పనిని ఒకే క్రమములో మరల మరల చేయగోరుట. దీనితోపాటు వెలుతురు, చప్పుడు, స్పర్శ అనువాని యెడ కొందరు మిక్కిలి తీవ్రముగా స్పందింతురు. మనకు వినీవినబడని ఫ్యాను రొద వారికి భరింపరానిది కావచ్చును.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము 2021లో లోకములో సుమారు 127 మందిలో ఒకరికి ఆటిజము ఉన్నది. ఈ లెక్కన వెయ్యిమంది పిల్లలలో ఏడెనిమిది మంది ఉండవచ్చును. మన దేశములో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన ఇరువదియొక్క వైకల్యములలో ఆటిజము ఒకటి. అట్టి పిల్లలను తక్కిన పిల్లలతోపాటు చేర్చుకొని చదువు చెప్పవలెనని ఆ చట్టము బడులను ఆదేశించుచున్నది. కనుక ఈ విషయము ఎక్కడో దూరదేశపు ప్రయోగశాలలకు మాత్రమే చెందినది కాదు.

తాబేలుతో మొదలు

రోబోను ఆటిజము గల పిల్లవాని ముందుంచిన తొలి ప్రయోగములలో ఒకటి స్కాట్లండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయములో జరిగినది. సిల్వియా వీర్, రికీ ఇమాన్యుయెల్ అనువారు దానిని గూర్చి 1976లో ఒక నివేదిక ప్రకటించినారు. అందులో రోబో మనిషి ఆకారము గలది కాదు. నేలమీద చక్రములతో దొర్లెడి చిన్న యంత్రము. దానికి తాబేలు అని పేరు. పిల్లల కొరకు ఏర్పడిన ‘లోగో’ అను కంప్యూటరు భాషతో అది నడచును. ఏడేండ్ల బాలుని ముందు మీటలు గల ఒక పెట్టె నుంచినారు. ఒక మీట నొక్కిన తాబేలు ముందుకు పోవును. మరియొకటి నొక్కిన వెనుకకు వచ్చును. ఇంకొకటి నొక్కిన పక్కకు తిరుగును. బాలుడు దానిని నడపుటలో లీనమైనాడు. క్రమముగా తాను చేయుచున్న పనిని గూర్చి పక్కనున్నవారితో సంభాషింప మొదలిడినాడు. ఈ తాబేలు సంభాషణకు ప్రేరకముగా పనిచేసినదని పరిశోధకులు వ్రాసినారు.

ఒక్క బాలునితో జరిగిన ప్రయోగమును బట్టి సిద్ధాంతము చేయరాదు. కాని ఇందులో ఒక విశేషమున్నది. పాఠకులు దానిని గుర్తుంచుకొనవలెనని కోరుచున్నాను. ఆ ఆటలో ఆజ్ఞ యిచ్చువాడు బాలుడు, పాటించునది యంత్రము. లోగో భాషను రూపొందించినవారిలో ముఖ్యుడైన సీమోర్ పేపర్ట్, 1980లో వెలువడిన ‘మైండ్‌స్టార్మ్స్’ అను గ్రంథములో ఈ విషయమునే నొక్కి చెప్పెను. బడులలో కంప్యూటరు పిల్లవానిని నడిపించుచున్నదనియు, పిల్లవాడే కంప్యూటరును నడిపింపవలెననియు ఆయన వాదము. తరువాత వచ్చిన రోబోలను ఈ కొలతతో పరీక్షించిన చాల సంగతులు తేలును.

కాస్పర్ అను బొమ్మ

1998లో బ్రిటనులో కెర్‌స్టిన్ డాటెన్‌హాన్ అను శాస్త్రజ్ఞురాలు, ఆమె సహచరులు ఆటిజము గల పిల్లల కొరకు రోబోలను ఉపయోగించు పరిశోధన నారంభించినారు. హెర్ట్‌ఫర్డ్‌షైర్ విశ్వవిద్యాలయములో 2005లో కాస్పర్ అను రోబో తయారైనది. అది చిన్న పిల్లవాని పరిమాణములో ఉండి, పిల్లల దుస్తులు ధరించి, కాళ్ళు చాపుకొని కూర్చుండును. ముఖమునకు రబ్బరు వంటి మెత్తని తొడుగు ఉన్నది. కనురెప్పలు, నోరు, తల, చేతులు కదలును. శరీరముపై స్పర్శను గ్రహించు పరికరములు అమర్చినారు. పాదమును మెల్లగా నిమిరిన కాస్పర్ నవ్వును. గట్టిగా కొట్టిన చేతులతో ముఖము కప్పుకొని, నొప్పి యని చెప్పును. ఎంత బలముతో తాకవలెనో, తాకినవారికి ఏమనిపించునో పిల్లవాడు ఈ విధముగా తెలిసికొనవలెనని వారి ఆశయము.

కాస్పర్ ముఖము మనుష్య ముఖమును పోలియున్నను అందులో భావములు చాల తక్కువ. ఇది చేతగాక చేసినది కాదు, బుద్ధిపూర్వకముగా చేసినదే. జపానులో హిడెకి కోజిమా రూపొందించిన కీపాన్ అను రోబో ఇంకను సాదాగా నుండును. పసుపుపచ్చని రెండు బంతులను ఒకదానిపై నొకటి నిలిపి, కండ్లు, ముక్కు పెట్టినట్లుండును. అటునిటు చూచుట, ఊగుట, ఎగురుట తప్ప అది మరేమియు చేయదు. అయినను పిల్లలు దానితో ఆడుకొందురు.

సాదాదనమునకు ఇంత ప్రాధాన్య మెందుకు? దీనిని పరీక్షించుటకు హెర్ట్‌ఫర్డ్‌షైర్ పరిశోధకులు ఒక చమత్కారమైన పని చేసినారు. 2006లో ప్రకటించిన ఆ ప్రయోగములో ఒక మూకాభినయ నటుని పిలిపించినారు. ఆయన ఒకసారి ముఖము కూడ కప్పివేసిన సాదా మరమనిషి వేషములోను, ఇంకొకసారి తన మామూలు దుస్తులలోను పిల్లల ముందు నిలిచి, రెండుసార్లును ఒకే విధముగా కదలినాడు. ఆటిజము గల ఆ కొద్దిమంది పిల్లలు మరమనిషి వేషమునకే ఎక్కువగా దగ్గరైనారు. లోపలనున్నది అదే మనిషి! కనుక వారిని దూరముగా నుంచినది మనిషి కాదు, మనిషి ముఖము ఒక్కసారిగా కురిపించు సమాచారపు జడివాన అని ఊహింపవచ్చును.

మనము ‘ఇటు రా’ అను రెండు మాటలను నూరు విధములుగా పలుకుదుము. పలుకుచున్నప్పుడు కనుబొమలు కదలును, చేయి ఆడును, చూపు మారును. వీనిలో ఏది ముఖ్యమో, ఏది కాదో తక్కిన పిల్లలు చెప్పకయే గ్రహింతురు. ఆటిజము గల పిల్లవానికి అన్నియు ఒక్కసారి మీదపడినట్లుండవచ్చును. రోబో ‘ఇటు రా’ అన్నచో ఎప్పుడును ఒకే స్వరముతో అనును. పదిసార్లు తప్పు చేసినను విసుగుకొనదు, కోపముతో చూడదు. ఏమి చేసిన ఏమి జరుగునో ముందే తెలియును. పిల్లలు రోబోకు దగ్గరగుటకు ఇవి బలమైన కారణములుగా శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఇంతవరకు వారి ఊహ సమంజసముగనే కనబడుచున్నది.

తెర వెనుక చేయి

ఇచట మనము కొంచెము ఆగి, పత్రికల బొమ్మలలో కనబడని ఒక సంగతిని చూడవలెను. ఈ ప్రయోగములలో చాలవరకు రోబో తనంత తాను ఆలోచించి పనిచేయలేదు. మీటలు నొక్కుచు దానిని ఆడించిన మనిషి గదిలోనో, పక్కగదిలోనో ఉన్నాడు. పిల్లవాడు ఏమి చేసెనో చూచి, ఇప్పుడు తల ఊపవలెనా, పలుకవలెనా యని నిర్ణయించినది ఆ మనిషియే. కాస్పర్‌ను కూడ శిక్షకులు చేతిలోని రిమోటుతో నడపినారు.

మనకు తోలుబొమ్మలాట తెలిసినదే. తెరమీద హనుమంతుడు గంతులు వేయును. పిల్లలు కేరింతలు కొట్టుదురు. ఆ గంతులోని నేర్పంతయు తెర వెనుక కూర్చున్న కళాకారునిది. కాని బొమ్మ లేనిదే ఆట లేదు గదా! అట్లే ఇచటను బొమ్మకు కొంత విలువ ఉన్నది. అయితే ఫలితమును లెక్కవేయునప్పుడు బొమ్మ చేసినదెంత, ఆడించినవారు చేసినదెంత అని వేరుపరచక, అంతయు బొమ్మ ఖాతాలో వ్రాయుట శాస్త్రపద్ధతి కాదు. పిల్లవానిని గమనించి, తగిన క్షణమున తగిన పని చేయుటయే బోధనలోని కష్టమైన భాగము. ఆ భాగము ఇచటను మనిషి చేతిలోనే ఉన్నది.

కాస్పర్ ప్రయోగములలో మిక్కిలి మెచ్చదగిన సంఘటనలు కూడ ఈ విషయమునే తెలుపుచున్నవి. కొందరు పిల్లలు కాస్పర్ కండ్లను, ముక్కును తడిమి చూచి, తరువాత పక్కనున్న పరిశోధకుని వైపు తిరిగి, ఆయన ముఖమును కూడ తడిమి చూచినారు. బొమ్మ ముఖము నుండి మనిషి ముఖమునకు దారి ఏర్పడినది. అయితే ఆ దారికి ఆవలి ఒడ్డున ఒక మనిషి ఓపికతో కూర్చుండియున్నాడు కనుకనే అది దారి అయినది. ఆ గదిలో రోబోను, పిల్లవానిని మాత్రమే విడిచిపెట్టియుండినచో ఏమయ్యెడిదో ఆలోచింపుడు.

లెక్క తేలినదెంత?

ఈ రంగమును మొత్తముగా పరిశీలించి 2012లో జాషువా డీల్, ఆయన సహచరులు ఒక విమర్శను ప్రకటించినారు. అప్పటివరకు వచ్చిన పరిశోధనలు చాలవరకు ప్రారంభదశలోని అన్వేషణలే యనియు, వాని పద్ధతులలో లోపములున్నవనియు వారు తేల్చినారు. ఇద్దరు ముగ్గురు పిల్లలతో, కొద్దిసేపు జరిగిన ప్రయోగములు అందులో ఎన్నో ఉన్నవి. క్రొత్త వస్తువును చూచిన ఏ పిల్లవానికైనను నాలుగు దినములు ఉత్సాహముండును. జాతరలో కొన్న బొమ్మ సంగతి మనకు తెలియనిదా? ఆ ఉత్సాహమును అభివృద్ధి యని పొరబడరాదు.

తరువాత ఇంతకన్న జాగ్రత్తగా చేసిన ప్రయోగములు వచ్చినవి. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమునకు చెందిన బ్రయన్ స్కాసెలాటి, ఆయన బృందము 2018లో ప్రకటించినది వానిలో పేర్కొనదగినది. ఆరు మొదలు పన్నెండేండ్ల వయస్సు గల పన్నెండుగురు పిల్లల ఇండ్లలో ఒక్కొక్క రోబోను నెలదినములు ఉంచినారు. దినమునకు అరగంట సేపు పిల్లవాడు, ఇంటి పెద్దలలో నొకరు, రోబో కలిసి ఆటలు ఆడవలెను. పిల్లవాని నేర్పును బట్టి ఆటల కష్టమును యంత్రమే పెంచుచు తగ్గించుచు వచ్చినది. ఈ ప్రయోగములో తెర వెనుక మనిషి లేడు. నెల ముగిసిన పిదప, రోబో లేని సమయమున కూడ, పెద్దలతో పిల్లల ‘ఉమ్మడి దృష్టి’ మెరుగుపడినట్లు కనుగొన్నారు.

ఉమ్మడి దృష్టి యనగా ఏమో చెప్పవలెను. తల్లి చందమామను వ్రేలితో చూపినప్పుడు బిడ్డ వ్రేలిని గాక చందమామను చూచును. వెంటనే తల్లి ముఖము చూచి నవ్వును. ఇద్దరు కలిసి ఒకే వస్తువుపై మనసు నిలుపుటయే ఉమ్మడి దృష్టి. భాష నేర్చుటకు ఇది పునాది వంటిది. ఆటిజము గల పిల్లలలో ఇది ఆలస్యముగను, భిన్నముగను ఏర్పడును.

రోబోను తీసివేసిన పిదప ఏమయ్యెనని అడుగుట ఈ ప్రయోగములోని గొప్పతనము. అయినను దీనిలో రెండు సందేహములు మిగులుచున్నవి. పన్నెండుగురు పిల్లలు చాల తక్కువ. రోబో లేకుండ అదే విధముగా నెల గడపిన మరియొక పిల్లల గుంపుతో పోల్చి చూడలేదు. నెలదినములపాటు ప్రతిదినము అరగంట తల్లియో తండ్రియో పిల్లవాని పక్కన కూర్చుండి ఆటాడినారు గదా! మేలు చేసినది రోబోయా, ఆ అరగంటయా? బహుశః రెండును కావచ్చును. కాని ఏది ఎంతయో ఈ ప్రయోగము వలన తేలదు.

ఐరోపా సమాఖ్య సహాయముతో 2014 మొదలు 2019 వరకు ‘డ్రీమ్’ అను పేరుతో జరిగిన పరిశోధనలో ఈ లోపమును సవరించినారు. రుమేనియా దేశములోని పిల్లలతో ఆ ప్రయోగములు చేసినారు. కొందరికి శిక్షకుడు అలవాటైన పద్ధతిలో బోధించెను. కొందరికి నావో అను రోబో సహాయముతో బోధించినారు. 2024లో ప్రకటించిన ఫలితములను బట్టి రెండు పద్ధతులును ఇంచుమించు సమానముగా పనిచేసినవి. రోబో ఉన్నచోట పిల్లలు ఎక్కువ ఆసక్తి చూపినారు. ఈ ఫలితమును రెండు విధములుగా చదువవచ్చును. రోబో వలన నష్టము లేదు, ఆసక్తి పెరిగినది అని ఒకరు సంతోషింతురు. శిక్షణ పొందిన మనిషి చేసినదానిని మించి రోబో చేయలేదని ఇంకొకరు గుర్తు చేయుదురు. ఇద్దరి మాటయు నిజమే. అయితే ఉపాధ్యాయుడు సాధింపలేనిది యంత్రము సాధించినదన్న పత్రికల మాటకు మాత్రము ఇందులో ఆధారము లేదు.

పాఠము ఎవరి కొరకు?

ఇంతవరకు రోబో బాగుగా నేర్పునా లేదా అని విచారించినాము. ఏమి నేర్పుచున్నదన్న ప్రశ్న అంతకన్న పెద్దది.

ఎదుటివారి కండ్లలోనికి చూచుటను నేర్పు రోబో పాఠములు చాల ఉన్నవి. పిల్లవాడు ఎన్నిసార్లు చూచెనో, ఎన్ని సెకనులు చూచెనో లెక్కించి, అది పెరిగిన విజయమని వ్రాయుదురు. కాని ఆటిజము గల పెద్దలు అనేకులు తమ అనుభవమును వేరుగా చెప్పుచున్నారు. కండ్లలోనికి చూచుట తమకు బాధగా నుండుననియు, బలవంతముగా చూచునప్పుడు మాటలు వినుట కష్టమగుననియు వారందురు. అట్లయిన ఆ పాఠము వలన సుఖము కలుగుచున్నది పిల్లవానికా, అతనిని చూచెడి మనకా? మన పల్లెలలో పెద్దల ముందు తలవంచుకొని నిలుచుట మర్యాద యనుకొనెడివారు నేటికిని ఉన్నారు. చూపును గూర్చిన మర్యాద దేశమును బట్టి, ఇంటిని బట్టి మారునది. దానిని ప్రకృతి నియమముగా యంత్రములో బిగించుట తొందరపాటు.

ఆటిజము గల బ్రిటిషు పండితుడు డేమియన్ మిల్టన్ 2012లో ఒక వాదమును ముందుకు తెచ్చెను. ఆటిజము గలవారికి ఇతరుల మనసు తెలియదని అందరు అందురు; ఇతరులకు వారి మనసు తెలియునా? అపార్థము రెండు వైపుల నున్నది గనుక లోపమును ఒక వైపే వేయరాదని ఆయన భావము. ఈ వాదమును ఒప్పుకొన్నచో పాఠము పిల్లవానికి మాత్రమే చెప్పి ఊరకుండుట అర్ధన్యాయమే అగును. పక్క బెంచీ పిల్లలకు, ఉపాధ్యాయునకు కూడ పాఠము కావలెను.

2024లో నబా రిజ్వీ, ఆమె సహచరులు ఆటిజము, రోబోలు అను విషయముపై వచ్చిన పరిశోధనలను పరీక్షించి, వానిలో 90 శాతమునకు మించి ఆటిజము గలవారి అభిప్రాయములను లెక్కలోనికే తీసికొనలేదని చూపినారు. చెప్పులు కుట్టువాడు తొడుగుకొనెడివాని పాదము కొలువక కుట్టినట్లున్నది ఇది! ఎడిన్‌బరో బాలుని చేతిలో మీటలుండెను. ఆ తరువాతి కాలములో అవి పిల్లవాని చేతినుండి పెద్దల చేతికి పోయినవి. ఈ రంగముపై నాకు గల ప్రధానమైన ఆక్షేపణ ఇదియే.

యంత్రము ఆగిపోయిన నాడు

ఇంకొక చిక్కు ఉన్నది. యేల్ ప్రయోగములో వాడిన రోబో పేరు జీబో. అది అంగడికి వచ్చినది 2017లో. దానిని తయారుచేసిన సంస్థ ఎంతోకాలము నిలువలేదు. రోబోకు ప్రాణము వంటి దూరపు కంప్యూటర్లను నిలిపివేయబోవుచున్నారని 2019లో ఆ రోబోయే తన యజమానులకు చెప్పి వీడ్కోలు తీసికొనెను. నావోను తయారుచేసిన ఆల్డెబరాన్ అను ఫ్రెంచి సంస్థ 2025లో దివాలా తీసెను. తరువాత దాని ఆస్తులను ఒక చైనా సంస్థ కొనెను.

మామూలు వస్తువుల విషయములో ఇది వ్యాపారపు లాభనష్టముల కథ. కాని మార్పును సహింపలేని పిల్లవానికి, ఎప్పుడును మారదను నమ్మకముతో ఒక నేస్తమును ఇచ్చి, ఒకనాడు హఠాత్తుగా తీసివేసిన అతని గతి యేమి? రోబోను బడిలో ప్రవేశపెట్టువారు దానిని కొనుటకు వలసిన డబ్బును గూర్చి ఆలోచింతురు. అది ఆగిపోయిన మరునాటిని గూర్చి కూడ అంత శ్రద్ధగా ఆలోచింపవలెను.

మన తరగతి గదికి

ఈ విమర్శను చదివి రోబోలు పనికిరానివని పాఠకులు తలంపరాదు. ఆ ప్రయోగములు మనకు విలువైన సంగతులు తెలిపినవి. కాస్పర్ విజయమునకు మూలములైన గుణములను ఒక్కసారి తలచుకొనుడు. అది ఒకసారి ఒకే మాట చెప్పును. చెప్పి, జవాబు వచ్చువరకు ఆగును. అదే మాటను అదే స్వరముతో మరల చెప్పును, విసుగుకొనదు. తరువాత ఏమి జరుగునో ముందే తెలియునట్లు నడచుకొనును. వీనిలో విద్యుత్తుతో పని గలది ఒక్కటియు లేదు.

కావున ఉపాధ్యాయులు ఇవి ఆచరింపవచ్చును. ఆ దినపు కార్యక్రమమును బొమ్మలతోనో, పెద్ద అక్షరములతోనో గోడకు వ్రేలాడదీయవచ్చును. పీరియడు మారబోవుచున్నచో ముందుగనే చెప్పవచ్చును. నాలుగు పనులను ఒక్క వాక్యములో చెప్పక, ఒకదాని తరువాత ఒకటిగా చెప్పవచ్చును. ప్రశ్న అడిగి పది లెక్కపెట్టునంత సేపు వేచియుండవచ్చును. గంటకు దూరముగా, గోడ పక్కన చోటు ఇయ్యవచ్చును. ‘నా కండ్లలోనికి చూచి చెప్పు’ అను ఆజ్ఞను మానవచ్చును. అతడు కిటికీ వైపు చూచుచు చెప్పిన జవాబు సరియైనదైన మార్కులు వేయవలెను గదా!

ఒక హెచ్చరిక అవసరము. ఈ వ్యాసమును చదివి ఏ విద్యార్థికిని ఆటిజము ఉన్నదని ఉపాధ్యాయుడు నిర్ణయింపరాదు. అది శిక్షణ పొందిన నిపుణుల పని. మన రెండు తెలుగు రాష్ట్రములలోను మండలములలో భవిత కేంద్రములున్నవి, ప్రత్యేక ఉపాధ్యాయులున్నారు. మేధోపరమైన వైకల్యము గలవారి కొరకు 1984లో నెలకొల్పబడిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోనే ఉన్నది. అనుమానము కలిగినప్పుడు తల్లిదండ్రులకు నెమ్మదిగా చెప్పి, అట్టి చోటికి దారి చూపుట ఉపాధ్యాయుని కర్తవ్యము.

మరి రోబోకు బడిలో చోటే లేదా? ఉన్నది. 2016 నుండి మన దేశములో ఎన్నో హైస్కూళ్ళలో అటల్ టింకరింగ్ ల్యాబులు ఏర్పడినవి. చక్రములు, మోటార్లు, తీగలు, చిన్న కంప్యూటరు పలకలు అందులో ఉండును. ఆటిజము గల విద్యార్థిని రోబో ముందు శిష్యునిగా కూర్చుండబెట్టుటకు బదులు, ఇద్దరు ముగ్గురు సహాధ్యాయులతో కలిపి రోబోను తయారుచేయుమని చెప్పవచ్చును. అమెరికాలో డానియెల్ లెగాఫ్ అను మనస్తత్వ నిపుణుడు లెగో ఇటుకలతో ఇట్టి పద్ధతినే నడపి, 2004లో దానిని ప్రకటించెను. ఆ పద్ధతిలో ఒకడు పటమును చూచి ఏమి కావలెనో చెప్పును, రెండవవాడు ఆ ముక్కలను వెదకి ఇచ్చును, మూడవవాడు అమర్చును. కొంతసేపటికి పనులు మార్చుకొందురు. మాటాడుమని ఎవరును ఆజ్ఞాపింపరు. మాటాడనిదే బొమ్మ నిలువదు గనుక మాటలు వచ్చును. మాటలు రానివాడు వ్రేలితో చూపును, అదియు సంభాషణయే.

ఇందులో అందరును శ్రద్ధ చూపుదురని నేను చెప్పజాలను. ఇనుప చక్రముల చప్పుడు కొందరికి గిట్టదు. కొందరికి చెట్లు, కొందరికి పాటలు, కొందరికి పటములు ఇష్టము. ఆ పిల్లవానికి ఏది ఇష్టమో కనుగొనుటయే మొదటి మెట్టు. దానిని కనుగొనుటకు అతనితో కొంతకాలము గడపుట తప్ప వేరు ఉపాయము లేదు.

విద్యార్థులకు ఒక మాట. మీ తరగతిలో మొదటి పేరాలో వర్ణించిన పిల్లవాడు ఉన్నచో, అతడు మీతో మాటాడలేదని కోపగింపకుడు, అతని చేష్టలను అనుకరించి నవ్వకుడు. పక్కన కూర్చుండి, రైళ్ళను గూర్చి ఒక ప్రశ్న అడుగుడు. జవాబు వెంటనే రాకపోవచ్చును. కాస్పర్ ఎంతసేపైనను వేచియుండును. మీరును కొంచెము సేపు వేచియుండుడు.